నొప్పి తెలియని పాదం

ఉద్యోగం చేసే స్త్రీలు తమ ఉద్యోగంతో తృప్తిగానే ఉన్నారని చెప్పే సర్వేలకు పాతికేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. జీతం తక్కువ, పదోన్నతి ఆలస్యం, సాయంత్రం ఇల్లు చేరగానే రెండో పని సిద్ధం. అయినా ‘మీ ఉద్యోగం మీకు ఎంత తృప్తినిస్తోంది?’ అని అడిగితే వారు టిక్కు పెట్టే అంకె అనేక చోట్ల పురుషుల అంకెతో సమానంగానో, కాస్త పైనో ఉంటుంది. అర్థశాస్త్రజ్ఞులు దీన్ని విరోధాభాస అన్నారు. పత్రికలు శుభవార్త అన్నాయి. యాజమాన్యాలు ఏమీ అనలేదు. అనవలసిన అవసరం వారికి లేదు.

ఈ అంకె అన్నిటికన్నా ఎక్కువ దుర్వినియోగమైంది కమ్యూనిజం కూలిన దేశాల విషయంలో. అక్కడ దాన్ని చేతబట్టుకుని రెండు శిబిరాలు కొట్లాడుకుంటాయి. స్త్రీలను బలవంతంగా ట్రాక్టరెక్కించిన రాజ్యం పోయింది, ఇప్పుడు వారు తమకు నచ్చిన పని చేసుకుంటున్నారు, అందుకే తృప్తి అంటుంది మొదటి శిబిరం. శిశుగృహాలు, ప్రసూతి సెలవులు, పనికి హామీ ఉన్న ఆ కాలంలోనే స్త్రీ నిజంగా తృప్తిగా బతికిందనీ, ఇప్పుడు కనిపించేది ఆ పాత పెట్టుబడి మీద వస్తున్న వడ్డీ అనీ అంటుంది రెండోది. ఇద్దరూ తప్పే. తృప్తి అంకెను న్యాయానికి కొలబద్దగా వాడడంలోనే ఆ తప్పు ఉంది. ఆ అంకె పనిని కొలవదు. పని నుంచి ఒక మనిషి ఎంత ఆశించడానికి అలవాటుపడిందో కొలుస్తుంది. ఈ విషయాన్ని సర్వేలకన్నా స్పష్టంగా చెప్పిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. దురదృష్టవశాత్తు అవి కూడా ఈ రెండు శిబిరాల చేతుల్లోనే నలుగుతున్నాయి.

ముందు సర్వేల సంగతి. 1991లో బ్రిటన్ కుటుంబాల నుంచి సేకరించిన సమాచారం ఆధారంగా ఆండ్రూ క్లార్క్ అనే అర్థశాస్త్రజ్ఞుడు 1997లో ఒక వ్యాసం ప్రచురించాడు. పనిలో స్త్రీలు ఎందుకంత సంతోషంగా ఉన్నారన్నదే ఆ వ్యాసం ప్రశ్న. అతని సమాధానం సూటిగా ఉంది: వారు ఆశించేది తక్కువ. దీనికి అతను చూపిన సాక్ష్యం గమనించదగ్గది. వయసు చిన్నదైనా, చదువు పెద్దదైనా, పురుషులు ఎక్కువగా ఉన్న చోట పనిచేస్తున్నా, తల్లి కూడా వృత్తి ఉద్యోగం చేసిన మనిషైనా ఆ అదనపు తృప్తి మాయమవుతుంది. అంటే పక్కవాడికి ఏం దక్కుతోందో కళ్ళారా చూసిన స్త్రీ, తల్లిని చూసి ముందే లెక్కలు నేర్చుకున్న స్త్రీ అందరిలాగే అసంతృప్తి చెందుతుంది. 1997లో పలు దేశాల్లో ఒకే ప్రశ్నావళితో జరిగిన సర్వేను మరికొందరు పరిశీలించినప్పుడు, ఈ విరోధాభాస అమెరికా, బ్రిటన్‌లలోనే గట్టిగా కనిపించింది, చాలా దేశాల్లో కనిపించలేదు. కనుక ఇది స్త్రీ స్వభావం కాదు. ఒక్కో సమాజం తన ఆడవాళ్ళకు ఎంత తక్కువ అడగడం నేర్పిందో చెప్పే లెక్క. ‘గుడ్డికన్నా మెల్ల మేలు’ అన్న సామెతను ఏడు గడుల ప్రశ్నగా మార్చి అడిగితే వచ్చే సమాధానం ఇదే.

మధుమేహం ముదిరిన రోగి పాదం గురించి వైద్యవిద్యార్థులకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. ‘కాలు ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది, నొప్పేమీ లేదు’ అంటాడు. అతడు అబద్ధం చెప్పడం లేదు. నరాలు చచ్చుబడ్డాయి కనుక నొప్పి తెలియడం లేదు. మేజోడు విప్పి చూస్తే అరికాలిలో ఎముక దాకా దిగిన పుండు ఉండవచ్చు. ఆ రోగి విషయంలో నొప్పి లేకపోవడమే ప్రమాద సూచన. అందుకే వైద్యుడు ఆ మాట విని ఊరుకోడు. సన్నని నైలాన్ పోగుతో పాదాన్ని అక్కడక్కడ తాకుతూ స్పర్శ ఎక్కడ ఆగిపోయిందో వెతుకుతాడు. తృప్తి సర్వేలు చేసేవారిలో చాలామంది మేజోడు విప్పరు. రోగి చెప్పిన మాటను చీటీ మీద రాసుకుని, పాదం ఆరోగ్యంగా ఉందని సంతకం పెడతారు.

మేజోడు విప్పిన రచయిత్రి నతాల్యా బరాన్‌స్కయా. ఆమె నవలిక ‘అన్ని వారాల్లాంటి ఒక వారం’ 1969లో ‘నోవీ మీర్’ పత్రికలో వెలువడింది. కథానాయిక ఓల్గా మాస్కోలో ఒక ప్రయోగశాలలో పనిచేసే యువ శాస్త్రవేత్త, ఇద్దరు పిల్లల తల్లి. కథ మొదలయ్యేదే ఒక ప్రశ్నావళితో. జనాభా శాస్త్రజ్ఞులు ఆ ప్రయోగశాలలోని స్త్రీలకు కాగితాలు పంచుతారు. ఇంటిపనికి ఎన్ని గంటలు, పిల్లలకు ఎన్ని గంటలు, విశ్రాంతికి ఎన్ని గంటలు, పిల్లల జబ్బుల వల్ల పోయిన పనిదినాలెన్ని అని అందులో ప్రశ్నలు. ఆ గడులు నింపడానికి కూడా ఓల్గాకు తీరిక దొరకదు. సోమవారం నుంచి ఆదివారం దాకా బస్సులు, క్యూలు, సరుకుల సంచులు, పిల్లల దగ్గులు, ఊడిపోయిన గుండీలు. ఇంత చిన్న నవలికలో ఒక రాజ్యవ్యవస్థ సాంతం దొరికిపోతుంది.

ఇందులో అసలు చూడవలసింది ఒకటుంది. ఓల్గాకు తన ఉద్యోగమంటే ఇష్టం. పిల్లల కోసం మానేయవచ్చు కదా అని భర్త అన్నప్పుడు ఆమె తల్లడిల్లుతుంది. ఆ వారంలో ఏ రోజు ఎవరైనా వచ్చి ‘మీ ఉద్యోగం తృప్తిగా ఉందా?’ అని అడిగి ఉంటే ఆమె ‘ఉంది’ అనే చెప్పేది, అది నిజమే అయ్యేది. ఆమె ప్రాణం తోడేస్తున్నది ఉద్యోగం కాదు. ఉద్యోగానికీ వంటింటికీ మధ్య ఉన్న బస్సు, ఆ బస్సులో ఆమె ఒక్కతే వేలాడడం. ఉద్యోగ తృప్తి ప్రశ్న కార్యాలయం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. స్త్రీ జీవితం అక్కడ ఆగదు. బరాన్‌స్కయాను ‘సోవియట్ దుర్భరత్వానికి సాక్షి’గా చదివేవారు ఓల్గా తన ప్రయోగశాలను వదలడానికి ఒప్పుకోలేదన్న సంగతి మరుస్తారు. ‘సోవియట్ స్త్రీ ఆత్మగౌరవానికి సాక్షి’గా చదివేవారు ఆమె రాత్రిళ్ళు ఎందుకు ఏడ్చిందన్నది మరుస్తారు.

రాజ్యానికి ఈ సంగతి తెలియక కాదు. తూర్పు జర్మనీలో పెళ్ళయిన ఉద్యోగినికి నెలకు ఒక రోజు ‘ఇంటిపని సెలవు’ ఇచ్చేవారు, జీతంతో సహా. 1952లో వచ్చిన ఈ సౌకర్యాన్ని ఉదారమైన ఏర్పాటని నేటికీ మెచ్చుకునేవారున్నారు. దాన్ని తిరగేసి చదవాలి. బట్టలుతకడం, ఇల్లు కడగడం స్త్రీ పనేనని రాజ్యం చట్టంలో రాసి, ముద్ర కొట్టి, నెలకొక రోజు కూలి చెల్లించింది. 1977 దాకా పురుషుడికి ఆ సెలవు లేదు. తరువాత కూడా ఇంట్లో చేసేవాళ్ళెవరూ లేని ప్రత్యేక పరిస్థితుల్లోనే. స్లవెంకా ద్రాకులిచ్ తన ‘కమ్యూనిజాన్ని ఎలా తట్టుకున్నాం, పైగా ఎలా నవ్వాం’ అన్న పుస్తకంలో బట్టలుతకడం గురించి, స్త్రీలకు నెలనెలా అవసరమయ్యే కనీస వస్తువులు దుకాణాల్లో దొరక్కపోవడం గురించి వ్యాసాలు రాసింది ఇందుకే. సిద్ధాంతం ఎక్కడ ఓడిపోయిందో తెలుసుకోవడానికి ఆమె పార్టీ పత్రాలు తిరగెయ్యలేదు. బట్టల తొట్టి చూసింది.

వైద్యరంగం దీనికి మరింత పెద్ద ఉదాహరణ. సోవియట్ యూనియన్‌లో డాక్టర్లలో సుమారు 70 శాతం స్త్రీలు. ప్రపంచంలో అప్పటికి మరే పెద్ద దేశమూ ఆ దరిదాపుల్లో లేదు. తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్త కాదు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు, ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాలు, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన ఆ నున్నటి కాగితాల సంచికలు రెండు తరాల తెలుగువారికి సోవియట్ స్త్రీని పరిచయం చేశాయి. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, ముఖాన చిరునవ్వు. ఆడపిల్లను మెడిసిన్ చదివించాలన్న కోరిక ఎన్నో మధ్యతరగతి ఇళ్ళలో మొలకెత్తడానికి ఆ బొమ్మ కూడా కొంత కారణమై ఉంటుంది. దాని మేలు దానికుంది. కాని ఆ బొమ్మ కింద జీతం ఎంతో రాయలేదు.

సోవియట్ ప్రణాళికా లెక్కల్లో వైద్యం, విద్య ‘ఉత్పత్తియేతర రంగం’ కింద ఉండేవి. ఉక్కు, బొగ్గు, యంత్రాలు ఉత్పత్తి. ప్రాణం నిలబెట్టడం ఉత్పత్తి కాదు. 1980లలో ఆరోగ్యరంగంలో సగటు జీతం దేశ సగటు జీతంలో దాదాపు 70 శాతం మాత్రమే. జీతం తక్కువ గనుక పురుషులు ఆ రంగం వైపు రాలేదా, స్త్రీలు నిండారు గనుక జీతం తగ్గిందా అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. ఏది ముందైనా ఒకటి రెండోదాన్ని పెంచి పోషించింది. శిఖరం మీద ఎవరున్నారో చూస్తే మిగతాది అర్థమవుతుంది. డాక్టర్లలో పదికి ఏడుగురు స్త్రీలున్న ఆ దేశంలో, యూనియన్ స్థాయి ఆరోగ్యమంత్రిగా పనిచేసిన స్త్రీ ఒక్కతే, మారియా కోవ్రిగినా. 1954 నుంచి 1959 దాకా పదవిలో ఉన్న ఆమె కాలంలోనే, 1936లో నిషేధించిన గర్భస్రావం 1955లో మళ్ళీ చట్టబద్ధమైంది, ప్రసూతి సెలవు 112 రోజులకు పెరిగింది. ఆ కుర్చీలో ఒక్క స్త్రీ కూర్చుంటే వచ్చిన తేడా అది. ఆమెకు ముందు, ఆమె తరువాత అందరూ పురుషులే.

ఆ డాక్టర్లు అసంతృప్తిగా ఉన్నారా? చాలామంది ఉండి ఉండరు. రోగి కోలుకోవడం చూసే తృప్తిని ఏ ప్రణాళికా సంఘమూ తీసివేయలేదు. కిటుకంతా అక్కడే ఉంది. వైద్యం, నర్సింగు, బడిపంతులు పని లాంటి వృత్తుల్లో పని స్వయంగా ఇచ్చే ఆనందాన్ని యజమాని జీతంలో భాగంగా లెక్క కట్టి, అంత మేరకు డబ్బు మినహాయించుకుంటాడు. రాజ్యం యజమాని అయినా, ఆసుపత్రి గొలుసు యజమాని అయినా లెక్క ఒకటే. తృప్తి ఇక్కడ స్త్రీకి దక్కిన ఫలం కాదు, ఆమెకు ఎగ్గొట్టిన జీతానికి రసీదు.

1989-91 తరువాత ఏం జరిగింది? దారి అంతకు ముందే వేసి ఉంది. 1987లో వెలువడిన ‘పెరిస్త్రోయికా’ పుస్తకంలో గోర్బచోవ్, స్త్రీలు తమ స్త్రీసహజమైన కర్తవ్యానికి తిరిగి వెళ్ళగలిగేలా ఏం చేయాలో ఆలోచించాలని రాశాడు. 1993లో రష్యా కార్మికమంత్రి గెన్నాదీ మెలిక్యాన్, మగవాళ్ళకే పని లేనప్పుడు ఆడవాళ్ళకు ఎందుకు చూపాలన్న ధోరణిలో బాహాటంగా మాట్లాడాడు. ఆ రోజుల్లో రష్యాలో నమోదైన నిరుద్యోగుల్లో అత్యధికులు స్త్రీలే. ఉద్యోగం మిగిలిన డాక్టర్లకు, టీచర్లకు నెలల తరబడి జీతాలు అందలేదు. గళ్ళ సంచులు మోసుకుని టర్కీకి, పోలండ్‌కు, చైనాకు పోయి సరుకు తెచ్చి బజార్లలో అమ్ముకున్నవారిలో ఎక్కువమంది స్త్రీలు, వారిలో చాలామంది పెద్ద చదువులు చదివినవారు. స్వెత్లానా అలెక్సియేవిచ్ 2013లో వెలువరించిన ‘సెకండ్‌హ్యాండ్ కాలం’లో ఆ గొంతులు వినిపిస్తాయి. వారు ‘తృప్తి’ గురించి మాట్లాడరు. ‘బతికాం’ అంటారు. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరాన్ని కొలిచే గడి ఏ ప్రశ్నావళిలోనూ లేదు.

అదే కాలంలో పురుషులకు జరిగింది కూడా ఈ లెక్కలో భాగమే. 1994 నాటికి రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం 58 ఏళ్ళ లోపుకు పడిపోయింది. స్త్రీలది సుమారు 71. కర్మాగారం మూతపడితే తన విలువే పోయిందనుకున్న మగవాళ్ళు మద్యంతో, గుండెజబ్బుతో, ప్రమాదాల్లో వేలాదిగా రాలిపోయారు. ఇంట్లో ఆకలి వేసే పిల్లలున్నారు గనుక కూలబడడానికి కూడా స్త్రీకి తీరిక లేకపోయింది. అటువంటి సమాజంలో స్త్రీ పురుషుల తృప్తి అంకెల మధ్య తేడా తగ్గిందంటే దాని అర్థమేమిటి? స్త్రీ పైకి లేచిందా, పురుషుడు కింద పడ్డాడా? తేడా ఒక్కటే చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకే మంచం మీద ఇద్దరికీ జ్వరం వస్తే సమానత్వం వచ్చిందనరు.

జర్మనీ తూర్పు ప్రాంతాల గురించి తరచూ ఉదహరించే సంఖ్య దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. 2020లో స్త్రీ పురుషుల గంట వేతనాల మధ్య తేడా జర్మనీ పడమర ప్రాంతాల్లో 20 శాతం, తూర్పున 6 శాతం. పాత తూర్పు జర్మనీ వదిలిపోయిన శిశుగృహాలు, తల్లి ఉద్యోగం చేయడం తప్పు కాదన్న అలవాటు దీనికి ఒక కారణం. దాన్ని కాదనడం మొండితనం. తూర్పున పురుషుల వేతనాలే పడమటివారి కన్నా బాగా తక్కువగా ఉండడం మరో కారణం. దాన్ని దాచడం మోసం. పాతకాలాన్ని తలుచుకుని నిట్టూర్చేవారు మొదటి కారణాన్నే చెబుతారు, విజయోత్సవం చేసుకునేవారు రెండో దాన్నే చెబుతారు.

క్రిస్టెన్ గోడ్సీ పుస్తకాలు ఈ గొడవ మధ్యలో పడ్డాయి. ఆమె 2018లో రాసిన పుస్తకం పేరు, సోషలిజంలో స్త్రీల శృంగార జీవితం మెరుగ్గా ఉంటుందన్నది, పేరుతోనే తగవు తెచ్చుకుంది. ఆర్థికంగా భర్త మీద ఆధారపడని స్త్రీ బంధాల్లోనూ స్వేచ్ఛగా ఉంటుందన్నది అందులోని వాదం. ఆ రాజ్యాల నిరంకుశత్వాన్ని తాను సమర్థించడం లేదని ఆమె స్పష్టంగానే చెప్పింది. మెచ్చుకున్నవారిలో చాలామంది ఆ హెచ్చరికను దాటవేశారు, తిట్టినవారు వాదాన్నే దాటవేశారు. ఆమె 2005 నాటి ‘ఎర్ర రివియెరా’ను మాత్రం రెండు పక్షాలూ పెద్దగా పట్టించుకోలేదు. అది ఇంతకన్నా మంచి పుస్తకం.

అందులో బల్గేరియా నల్లసముద్ర తీరంలోని పర్యాటక కేంద్రాల్లో పనిచేసే స్త్రీల కథ ఉంది. కమ్యూనిస్టు కాలంలో భారీ పరిశ్రమకు ఉన్న ప్రతిష్ఠ పర్యాటకానికి లేదు. అందుకే అది స్త్రీలకు దక్కింది. విదేశీ భాషలు, అతిథులతో మెలిగే నేర్పు వారి దగ్గర పోగయ్యాయి. 1989 తరువాత కర్మాగారాలు మూతపడి, విదేశీ డబ్బు వచ్చే చోటు పర్యాటకమే అయినప్పుడు, ఆ పాత చిన్నచూపే వారికి పెట్టుబడిగా మారింది. అందరు స్త్రీలూ ఓడిపోయారన్న మాట అబద్ధమని ఈ పుస్తకం నిరూపిస్తుంది. అదే సమయంలో, పట్టా పుచ్చుకున్నవారు కూడా హోటల్లో వడ్డన పని కోసం పోటీ పడే స్థితిని దాచదు. అటువంటి మనిషి తన పనికి మంచి అంకె వేస్తుంది. తాను చదివిన చదువుకు తగిన ఉద్యోగం చేస్తూ జీతం సరిపోక అలమటిస్తున్న స్నేహితురాలితో పోల్చుకుని వేస్తుంది. ఆ అంకెలో బల్గేరియా పతనం కూడా ఇమిడి ఉంది. చదివేవారికి తృప్తి మాత్రమే కనిపిస్తుంది.

ఇక ప్రశ్నావళి అసలు చేరని మనుషులున్నారు. ఉద్యోగ తృప్తిని ఉద్యోగంలో ఉన్నవారినే అడుగుతారు. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికి వెళ్ళినవారిని మాత్రమే పిలిచి వైద్యం ఎలా జరిగిందని అడిగితే ఏ ఆసుపత్రి అయినా గొప్పదే అవుతుంది. 2007లో ఐరోపా సమాఖ్యలో చేరాక రుమేనియా నుంచి వేలాది డాక్టర్లు, నర్సులు పడమటి దేశాలకు వెళ్ళిపోయారు. ఆ వలసను ఆపడానికి 2018లో అక్కడి ప్రభుత్వం డాక్టర్ల జీతాలు భారీగా పెంచవలసి వచ్చింది. ఎన్ని తృప్తి సర్వేలు చదివినా కలగని జ్ఞానం ఖాళీ వార్డులు చూశాక కలిగింది. ఇటలీలో, జర్మనీలో వృద్ధుల మంచాల పక్కన రాత్రంతా మేలుకొని కూర్చునే ఉక్రెయిన్, పోలండ్, రుమేనియా స్త్రీలు స్వదేశంలో ఏ ఉద్యోగం వదిలి వచ్చారో ఆ ఉద్యోగపు సర్వేలో వారి పేరు ఉండదు.

గుమ్మం దగ్గరే ఆపేసినవారూ ఉన్నారు. రష్యా ప్రభుత్వం 2000లో ఇచ్చిన ఉత్తర్వు స్త్రీలకు 456 రకాల పనులను నిషేధించింది. ఇది సోవియట్ కాలపు జాబితాకు వారసత్వం. సాకు మాతృత్వ రక్షణ. నౌకాయానం చదివి 2012లో సమారాలో నౌక నడిపే ఉద్యోగం కోరిన స్వెత్లానా మెద్వెదెవాకు ఆ జాబితా చూపించి కాదన్నారు. ఆమె ఐక్యరాజ్యసమితి కమిటీ దాకా వెళ్ళి 2016లో గెలిచింది. జాబితాను సుమారు 100 పనులకు కుదించిన కొత్త నిబంధన 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే మాస్కో మెట్రోలో స్త్రీలు మళ్ళీ రైళ్ళు నడిపారు. అంతవరకు మెట్రో డ్రైవర్ల తృప్తి ఎంతని అడిగితే స్త్రీల గడి ఖాళీ. ఖాళీ గడిని సగటులో కలపరు. మాతృత్వాన్ని కాపాడడానికి అంత ఆత్రపడిన రాజ్యాలు రాత్రిపూట బరువైన రోగులను ఎత్తి తిప్పే నర్సు నడుము గురించి ఏ జాబితాలోనూ బెంగపడలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దానికి సమాధానం చెప్పాలి. స్త్రీ స్వయంగా ‘తృప్తిగా ఉన్నాను’ అంటే, ‘కాదు, నీకు తెలియదు’ అనే హక్కు ఎవరిది? ఆమెకు ఏది మంచిదో ఆమెకన్నా తనకే బాగా తెలుసన్న పాత పార్టీ కార్యదర్శి అహంకారమే కదా ఇది? అభ్యంతరం న్యాయమైనదే. కాని ఇక్కడ శంకిస్తున్నది ఆమె మాటను కాదు. నొప్పి లేదన్న రోగి మాట అక్షరాలా నిజం. జబ్బు లేదని రాసుకున్న వైద్యుడిదే తప్పు. ఓల్గాకు ఉద్యోగం ఇష్టమన్నది నిజం. అందువల్ల ఓల్గా బతుకు న్యాయంగా ఉందని నిర్ణయించినవాడిదే తప్పు. ఆమె మాటను గౌరవించడమంటే ఒక అంకె రాసుకుని లేచిపోవడం కాదు, ఆమె చెప్పేది చివరిదాకా వినడం. బరాన్‌స్కయా, ద్రాకులిచ్, అలెక్సియేవిచ్ చేసింది అదే.

స్త్రీల అసంతృప్తి ఏం చేయగలదో చూడాలంటే 1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ నగరంలోని లెనిన్ ఓడల కర్మాగారానికి వెళ్ళాలి. 1950లో వెల్డరుగా చేరి, తరువాత క్రేన్ నడిపిన ఆనా వాలెంటినోవిచ్‌ను పదవీ విరమణకు ఐదు నెలల ముందు పనిలోంచి తీసేశారు. ఆగస్టు 14న మొదలైన సమ్మె మొదటి కోరిక ఆమెను తిరిగి తీసుకోవాలన్నది. రెండు రోజుల్లో యాజమాన్యం దిగివచ్చింది. కార్మికులు ఇళ్ళకు బయలుదేరారు. మిగతా కర్మాగారాలను వదిలేసి వెళ్తారా అని గేటు దగ్గర అడ్డుపడినవారిలో వాలెంటినోవిచ్, ఆ కర్మాగారపు వైద్యశాలలో నర్సు అలీనా పియెంకోవ్‌స్కా ముఖ్యులు. సమ్మె నిలిచింది. ‘సాలిడారిటీ’ ఉద్యమం పుట్టింది. 21 కోరికల పట్టికలో వైద్యసేవల మెరుగుదల, శిశుగృహాల్లో చోటు, మూడేళ్ళ జీతంతో కూడిన ప్రసూతి సెలవు వరుసగా 16, 17, 18 అంకెలతో ఉన్నాయి. తొమ్మిదేళ్ళ తరువాత అధికారం పంచుకునే బల్ల చుట్టూ కూర్చున్న స్త్రీలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. షానా పెన్ 2005లో రాసిన ‘సాలిడారిటీ రహస్యం’ ఈ మరుపు కథే.

కొత్త పోలండ్ ఆ 16వ కోరికను ఎంతవరకు తీర్చింది? 2007 జూన్‌లో జీతాలు పెంచమని అడగడానికి వార్సా వచ్చిన నర్సులను ప్రధానమంత్రి కలవలేదు. వారు ఆయన కార్యాలయం ఎదుటే గుడారాలు వేసుకుని దాదాపు నాలుగు వారాలు కూర్చున్నారు. ప్రజలు దానికి ‘తెల్ల ఊరు’ అని పేరు పెట్టారు. ఎర్ర జెండా కింద నర్సు జీతం తక్కువ, అది దిగాకా తక్కువే. రెండు శిబిరాలూ నోరు మెదపలేని చోటు ఆ గుడారాల మధ్య ఉంది.

కనుక ఇకముందు ఎవరైనా వచ్చి, ఫలానా దేశంలో స్త్రీలు ఉద్యోగాల్లో తృప్తిగా ఉన్నారని ఒక పట్టిక చూపితే, పాఠకులు ఐదు ప్రశ్నలు అడగాలి. ఈ పని వదిలి వెళ్ళినవారు ఎందరు, ఎక్కడికి వెళ్ళారు? గుమ్మం దగ్గర ఆగిపోయినవారు ఎందరు? ఆ రంగంలో స్త్రీలు పదికి ఏడుగురైతే పై కుర్చీల్లో ఎందరు? సాయంత్రం ఆరు తరువాత బట్టలు ఎవరు ఉతుకుతారు? రేపు ఉదయం ఈ ఉద్యోగం మానేస్తే ఆమెకు అన్నం ఎక్కడిది? వీటికి సమాధానాలున్న పట్టికలో తృప్తి అంకెకు కూడా విలువ ఉంటుంది. లేని పట్టికలో అది మేజోడు మీద వేసిన కొలత. వాలెంటినోవిచ్ ముప్ఫై ఏళ్ళు ఆ కర్మాగారంలో పనిచేసింది. ఆ ముప్ఫై ఏళ్ళలో ఆమెకు ఎవరూ తృప్తి ప్రశ్నావళి ఇవ్వకపోవడమే పోలండ్ అదృష్టం. ఇచ్చి ఉంటే ఆమె పని తనకు ఇష్టమనే రాసేదేమో, యాజమాన్యం దాన్ని భద్రంగా ఫైలులో పెట్టుకునేది.